సిపాయివై ఉండి జడుసుకున్నావా?

మా ఇంట్లో ఇంగ్లీషు ‘బి’ అక్షరంతో మొదలయ్యేది. శంకరనారాయణ నిఘంటువు ఒకటి ఉండేది కానీ, అది మా మావయ్య చదువుకున్న రోజుల్లో కొన్నది. చేతులు మారి మా దాకా వచ్చేసరికి అట్ట ఊడిపోయి, ముందు పేజీలు ఎలకల పాలై, ‘ఎ’తో మొదలయ్యే మాటల్లో చాలా భాగం పోయాయి. కొత్తది కొనమంటే మా నాన్న, “ఉన్న మాటలన్నీ వచ్చేశాయా నీకు?” అనేవాడు. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

అందుకే బీఏలో స్పెషల్ ఇంగ్లీషు తీసుకుని షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ చదువుతున్నప్పుడు ‘అఫియర్డ్’ అనే మాట తగిలితే ఎక్కడా వెతుక్కునే దారి లేకపోయింది. అచ్చుతప్పేమో అనుకున్నాను. ‘అఫ్రెయిడ్’ అని వేయబోయి ఇలా వేశారు కాబోలు అని పెన్సిలుతో దిద్దేశాను కూడా. తెనాలి బజారులో దొరికే గైడులో దీని గురించి ఒక్క ముక్క లేదు. కథాసారాంశం, పాత్ర స్వభావం, పది మార్కుల ప్రశ్నలు నాలుగు. అంతే. ఆ గైడు రాసినాయనకి కూడా ‘ఎ’ పేజీలు లేని నిఘంటువే ఉండేదేమో.

మా ఇంగ్లీషు మాస్టారు గైడులకి బద్ధ శత్రువు. పంచె కట్టుకుని వచ్చి షేక్‌స్పియర్ చెప్పేవారు. అప్పటికే మిగతా లెక్చరర్లంతా ప్యాంట్లలోకి మారిపోయారు, ఆయన మాత్రం మారలేదు. నాటకాల పిచ్చి ఉన్న ఊరు కావడంతో పద్యనాటకాలు కూడా వదలకుండా చూసేవారు. క్లాసులో ఒక మాట దగ్గర ఆగారంటే గంట కొట్టేదాకా ముందుకు కదిలేవారు కాదు. సిలబస్ ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. మార్చి వచ్చేసరికి మాకు టెన్షన్, ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఈ ‘అఫియర్డ్’ దగ్గరా అలాగే ఆగారు. “ఈ మాట ఈ నాటకంలో మూడు చోట్ల వస్తుంది. మూడూ వెతికి చెప్పండి, తర్వాతే ముందుకు వెళ్దాం” అన్నారు. మేం వెతకలేదు, ఆయనే చెప్పారు.

మొదటిది తొలి అంకంలోనే. యుద్ధంలో మాక్‌బెత్ చూపించిన సాహసాన్ని రాజు ఎంత మెచ్చుకున్నాడో రాస్ అనే ప్రభువు వచ్చి చెబుతాడు. నీ కత్తికి కూలిన శవాలను చూసి కూడా ఏ మాత్రం అఫియర్డ్ కాలేదు నువ్వు, అని. అంటే అక్కడ పొగడ్త. రెండోది అదే అంకం చివర్లో. రాజును చంపడానికి మొగుడు వెనకాడుతుంటే లేడీ మాక్‌బెత్ అదే మాటతో దెప్పుతుంది. మనసులో అంత కోరిక ఉంది, చేతికొచ్చేసరికి అఫియర్డ్ అయ్యావా, అని. మూడోది ఐదో అంకంలో. ఆమె నిద్రలో నడుస్తూ, దీపం పట్టుకుని, చేతులు రుద్దుకుంటూ, అక్కడ లేని మొగుడితో మాట్లాడుతుంది. ‘ఎ సోల్జర్ అండ్ అఫియర్డ్?’ అంటుంది. చాటున డాక్టరు, దాసీ నిలబడి అంతా వింటుంటారు.

“చూశారా, మొదట మెచ్చుకోలు, తర్వాత ఎత్తిపొడుపు, ఆఖరికి పలవరింత. ముగ్గురూ అన్నది ఒక మనిషి గురించే” అన్నారు మాస్టారు. ముగ్గురు కాదు సార్, ఇద్దరే, అందులో రెండుసార్లు ఆవిడే కదా అని మా ముందు బెంచీ పిల్ల అంది. “నిద్రలో ఉన్న మనిషి వేరే మనిషమ్మా” అన్నారాయన. సర్దుకోవడానికి అన్నారో, నిజంగా అనుకుని అన్నారో తెలియదు. నాకు మాత్రం ఆ జవాబు నచ్చింది. భయం అంటని మనిషి అనుకున్న ఆవిడే భయంతో నిద్ర చెడి, అప్పట్లో మొగుణ్ణి దెప్పిన మాటనే మళ్లీ పలకడం, అదీ వింటున్నది డాక్టరు అని తెలియకుండా పలకడం, ఆ వయసులో కూడా గుండెలో గుచ్చుకుంది.

తెలుగులో చెప్పండి అంటే వెనక బెంచీల నుంచి “ఉత్తరకుమారుడు సార్!” అని కేక వచ్చింది. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు కానీ ఒప్పుకోలేదు. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు బీరాలు పలికి, కౌరవసేన కంటపడగానే రథం దిగి పరుగెత్తినవాడు. మాక్‌బెత్ అలాంటివాడు కాదు, నిజంగానే వీరుడు. అందుకే ఆ మాట అతనికి అంత తగిలింది. పిరికివాణ్ణి పిరికివాడంటే సిగ్గుపడి ఊరుకుంటాడు, వీరుణ్ణి అంటే హత్యకైనా తెగిస్తాడు, అన్నారు. అక్కడితో ఆగకుండా తిక్కన విరాటపర్వంలోకి వెళ్లిపోయారు. ఆ రోజు ఇంగ్లీషు గంటలో సగం తెలుగు గంటే. పక్క గదిలోని తెలుగు మాస్టారు గుమ్మం దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు.

చివరికి ఆ వాక్యానికి ఆయన చెప్పిన తెలుగు, “సిపాయివై ఉండి జడుసుకున్నావా?” అని. ‘భయపడ్డావా’ అని ఎందుకు అనలేదని అడిగితే, భయపడ్డావా అంటే ఆరా తీసినట్టు ఉంటుంది, జడుసుకున్నావా అంటే దెప్పినట్టు ఉంటుంది అన్నారు. నిజమే. మా అమ్మమ్మ కూడా చీకట్లో దొడ్లోకి వెళ్లనని మొరాయించే మనవణ్ణి, “మగపిల్లాడివై ఉండి జడుసుకుంటావేంట్రా” అనేది. ఈ రోజుల్లో అయితే ఆ మాటకి నా కోడలే అమ్మమ్మతో పేచీ పెట్టుకునేది.

నేను అచ్చుతప్పని దిద్దిన సంగతి మాస్టారికి చెప్పలేదు గానీ, అఫియర్డ్, అఫ్రెయిడ్ ఒకటే కదా సార్, పలకడం తేడా అంతే కదా అని అడిగాను. ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండూ పక్కపక్కనే రాశారు. “చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి కదూ? చుట్టరికమే లేదు” అన్నారు.

అఫియర్డ్ పుట్టు ఇంగ్లీషు మాట. పాత ఇంగ్లీషులో భయపెట్టడం అనే క్రియ నుంచి వచ్చింది. అఫియర్డ్ అంటే ‘భయపెట్టబడినవాడు’. దాని లోపల ఉన్న ‘ఫియర్’ కూడా మొదట్లో మనసులో కలిగే భయం కాదట. హఠాత్తుగా మీద పడే ఆపద. జర్మన్‌లో ఈనాటికీ దాని చుట్టపు మాట ‘గెఫార్’కి అర్థం ప్రమాదమనే. బయట ఉన్న ముప్పు పేరే లోపలి వణుకుకి పేరైంది. అఫ్రెయిడ్ సంగతి వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత వాళ్ల ఫ్రెంచి మాటలతో పాటు వచ్చింది. దాని మూలం ‘అఫ్రే’. ఇంకా వెనక్కి వెళితే, శాంతిలోంచి బయటికి లాగెయ్యడం అని అర్థం. అంటే అఫ్రెయిడ్ అయినవాడు శాంతి పోగొట్టుకున్నవాడు.

‘అఫ్రే’ అనగానే నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. ఆయన ప్లీడరు గుమాస్తా. మా ఇంట్లో భోజనాల దగ్గర కేసుల కబుర్లే. “ఇవాళ నాలుగు అఫ్రే కేసులురా, అన్నీ ఒకే కల్లుపాక దగ్గరివి” అనేవాడు. 2024లో భారతీయ న్యాయ సంహిత వచ్చేదాకా అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడ్‌లో 159, 160 సెక్షన్లు. ఇద్దరో అంతకంటే ఎక్కువమందో బహిరంగ స్థలంలో కొట్టుకుని ప్రజాశాంతికి భంగం కలిగిస్తే అఫ్రే. దానికి నెల దాకా జైలు, లేదా వంద రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి.

ఆ సాయంత్రం మావయ్యకి ఈ విషయం చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు.

“శాంతిభంగమే కదా మరి. ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఎంత కొట్టుకున్నా అఫ్రే కాదు. అదే అరుగు దిగి వీధిలోకొచ్చి కొట్టుకుంటే అఫ్రే.”

“ఎవరూ చూడకపోతేనో మావయ్యా?”

“చూసేవాడు లేకపోతే భంగమయ్యేది ఎవడి శాంతిరా?”

నా నిఘంటువు పేజీలు తిన్న ఎలకలకి మావయ్యే బాధ్యుడని అప్పటిదాకా మనసులో ఒక కినుక ఉండేది, ఆ రోజుతో పోయింది. మెకాలే కమిషన్ 1837లో ముసాయిదా తయారుచేసి, 1860లో చట్టమైన పుస్తకంలో ఒక ఫ్రెంచి మాట కూర్చుని, తెనాలి కల్లుపాక దగ్గర తన్నుకున్నవాళ్ల మీద పడటం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాళ్లకి అది ‘నూటరవై కేసు’, అంతే.

తర్వాత ఎమ్మే చదవడానికి వాల్తేరు వెళ్లాను. అక్కడ చాసర్ చదివేటప్పుడు ఈ రెండు మాటలూ ఒకే పంక్తిలో కనిపించాయి. పద్నాలుగో శతాబ్దం చివరి మాట. ఆయన కాంటర్‌బరీ కథల్లో షిప్‌మన్, అంటే ఓడ నడిపేవాడు, చెప్పే కథలో ఒక వర్తకుడి భార్య ఉంటుంది. నూరు ఫ్రాంకుల లెక్క గురించి మొగుడు ఆరా తీస్తాడు. ఆ డబ్బు వెనక పెద్ద తతంగమే ఉంది. అయినా ఆవిడ అఫియర్డూ కాలేదు, అఫ్రేడూ కాలేదు, ధైర్యంగా జవాబిచ్చింది, అంటాడు చాసర్. హాస్టల్ గదిలో ఆ పంక్తి చూసి లేచి కూర్చున్నాను. మాస్టారు బోర్డు మీద పక్కపక్కన రాసిన రెండు మాటలని చాసర్ కూడా పక్కపక్కనే పెట్టాడు. మనం ‘అదరలేదు, బెదరలేదు’ అంటామే, అదే పోకడ. తర్వాత తర్వాత రెండింటికీ ఒకే పని పడింది. షేక్‌స్పియర్ కాలానికి రెండూ చెల్లుబాటులో ఉన్నాయి. మాక్‌బెత్ తన గురించి తాను చెప్పుకున్నప్పుడు ‘అఫ్రెయిడ్’ అనే అంటాడు, రాజును చంపి వచ్చాక, చేసిన పని తలుచుకోవడానికే భయమేస్తోందని. అతని గురించి వేరేవాళ్లు అన్నప్పుడేమో ‘అఫియర్డ్’. ఇందులో కవి ఏదో పరమార్థం దాచాడని పేపర్లు రాసే ఓపిక కొందరికి ఉంటుంది. నాకు లేదు. ఆ నాటకం మనకి అందిందే 1623లో వేసిన ఫోలియో పుస్తకంలో, అప్పటికి ఆయన పోయి ఏడేళ్లు. ఏ అక్షరం ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఎవరు తేలుస్తారు?

1700 దాటాక మాత్రం పుస్తకాల్లో అఫ్రెయిడ్ గెలిచింది. అఫియర్డ్ చదువుకున్నవాళ్ల రాతలోంచి జారిపోయి, పల్లెల్లో, కొండప్రాంతాల్లో ఉండిపోయింది. అది చచ్చిపోయిన మాట అని నిఘంటువులు అనవు, పాతబడిన మాట అనో మాండలికం అనో గుర్తు పెడతాయి. మర్యాద పోయింది కానీ ప్రాణం పోలేదు.

మన ‘వెరపు’కి జరిగింది దీనికి తలకిందులు. చిన్నప్పుడు మా ఊళ్లో రాత్రి తెల్లవార్లూ ఆడిన పద్యనాటకాల్లో అర్జునుడో కర్ణుడో ‘వెరపు’ అంటుంటే వినడమే తప్ప, ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు కూడా పేపర్లో ‘ఎవరికీ వెరవని నాయకుడు’ అని చదువుతాం, పాలవాడితో ‘కుక్కకి వెరవకు’ అనం. అది నోళ్లలోంచి లేచిపోయి పుస్తకాల్లో స్థిరపడింది. అఫియర్డ్ పుస్తకాల్లోంచి లేచిపోయి నోళ్లలో స్థిరపడింది.

నోళ్లలో మనకి మిగిలినవి తక్కువేం కాదు. జంకు, బెరుకు, బెదురు, గుబులు, దడ, హడలు. ఒక్కోదానికి ఒక్కో చోటు. పరీక్షకి గుబులు, కొత్తచోట బెరుకు, పశువుకి బెదురు. మా ఊళ్లో పిల్లవాడికి రాత్రి ఒళ్లు కాలితే జలుబు చేసిందా అని అడగడానికి ముందు “దేనికైనా దడుచుకున్నాడేమో చూడండి” అనేవాళ్లు. దడుపు జ్వరం అంటే డాక్టరు దగ్గరికి కాదు, ఆంజనేయస్వామి గుడికి. పూజారిగారు సింధూరం పెట్టి, నల్లతాడుకి రేకు కట్టి మొలకో చేతికో కట్టేవారు. కొందరు మసీదు దగ్గర తాయెత్తు కట్టించుకునేవాళ్లు. హిందువులూ వెళ్లేవాళ్లు, ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. ఎందుకైనా మంచిదని మా అమ్మమ్మ నాకు రెండూ కట్టించింది.

ఉరుములకైతే వేరే మందు. మెరుపు మెరిసీ మెరవగానే అమ్మమ్మ పిల్లలందరినీ నడవలోకి లాగి, చెవులు మూసుకోమని, “అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి...” అని అనిపించేది. చెవులు మూసుకుంటే ఎలా వినపడుతుందే అని మా తమ్ముడు అడిగితే వాడి నెత్తిన ఒక మొట్టికాయ పడేది. ఆ పేర్ల వెనకున్న కథ కూడా విరాటపర్వంలోదే. జమ్మిచెట్టు దగ్గర, నువ్వే అర్జునుడివైతే నీ పది పేర్లూ చెప్పమంటాడు ఉత్తరకుమారుడు. బృహన్నల ఒక్కొక్క పేరూ, అది ఎలా వచ్చిందీ చెబుతుంటే వాడి భయం తీరుతుంది. పారిపోబోయిన రాజకుమారుడికి పనికొచ్చిన పేర్లు మా నడవలో ఉరుములకి పనికొచ్చాయి. మా వెనక బెంచీవాడు ఆ రోజు వేసిన కేక అంత తేలికైనదేం కాదని ఇది గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

కాలేజీ డే సంగతి చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్లు ఊరుకోరు. మాస్టారు ఆ నిద్రలో నడిచే సీను ఇంగ్లీషులోనే వేయించారు. లేడీ మాక్‌బెత్‌గా మా జూనియర్ అమ్మాయి తెల్లచీర కట్టుకుని కొవ్వొత్తి పట్టుకొచ్చింది. స్టేజీ మీది ఫ్యాను గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది. డాక్టరు వేషం వేసినవాడు చాటున ఉండాల్సింది పోయి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి వెలిగించి మళ్లీ చాటుకి వెళ్లాడు. జేబులో అగ్గిపెట్టె ఎందుకుందని తర్వాత వాళ్ల నాన్న అడిగాడట, అది వేరే కథ. ఆ పిల్ల మాత్రం తొణకలేదు. చేతులు రుద్దుకుంటూ “ఎ సోల్జర్, అండ్ అఫియర్డ్!” అంది. హాల్లో సగంమందికి అది ‘ఎ బియర్డ్’ అని వినపడింది. “సోల్జరుకి గడ్డం ఎందుకుంటుందమ్మా, షేవింగ్ చేసుకోమను!” అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ఆ నవ్వుల్లో మిగతా డైలాగులేవీ వినపడలేదు. మాస్టారు కోప్పడతారనుకున్నాం. ఆయన తెర వెనక కూర్చుని కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నారు.

చాలా ఏళ్ల తర్వాత, 2012 జులైలో లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం చూడటానికి నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చున్నాను. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. పొడుగు టోపీ పెట్టుకుని, బ్రూనెల్ అనే పాతకాలపు ఇంజనీరు వేషంలో కెన్నెత్ బ్రానా ముందుకొచ్చి అందుకున్న మాటలు షేక్‌స్పియర్ టెంపెస్ట్ నాటకంలో కాలిబన్‌వి. అఫియర్డ్ కావద్దు, ఈ దీవినిండా చప్పుళ్లే, అని. స్టేడియంలో మోగించిన పెద్ద గంట మీద కూడా అవే అక్షరాలు చెక్కించారు. ఇంగ్లండువాళ్లు ప్రపంచాన్ని ఇంటికి పిలిచి, మొదటి మాటగా తాము మూడువందల ఏళ్ల కిందట పక్కనపెట్టిన మాటనే బయటికి తీశారు. పైగా దాన్ని పలికింది రాజూ కాదు, వీరుడూ కాదు. ఆ నాటకంలో అందరూ రాక్షసుడని ఛీకొట్టే బానిస. తాగుబోతులిద్దరికి ధైర్యం చెబుతూ అన్న మాట అది. మా ఆవిడ మధ్యలో లేచొచ్చి, “ఏంటండీ ఒక్కరే నవ్వుకుంటున్నారు?” అంది. గడ్డం కథ చెప్పాను. ఆ వేళప్పుడు ఆవిడకేమీ నవ్వు రాలేదు.

మా తమ్ముడు, అదే మొట్టికాయ తిన్నవాడు, అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. ఒకసారి ఫోన్లో, “అన్నయ్యా, మా పక్కింట్లో ఒక ముసలాయన ఉన్నాడు, కొండల్లోంచి వచ్చాడట. మనిషి మంచివాడే కానీ ఇంగ్లీషు అంత బాగోదు. పెరట్లో పామొస్తే ‘ఐ ఏంట్ అఫియర్డ్ ఆఫ్ ఇట్’ అన్నాడు, అఫ్రెయిడ్ అనడం కూడా రాదు పాపం” అన్నాడు. ఒరే, ఆయనది లేడీ మాక్‌బెత్ ఇంగ్లీషురా, నీదే మొన్నటిది అన్నాను. అపలాచియన్ కొండల్లో షేక్‌స్పియర్ భాషే మాట్లాడతారని కొందరు గొప్పగా చెబుతారు. అది అతిశయోక్తి, భాషా శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ఇలాంటి పాతమాటలు కొన్ని మిగిలాయి, అంతవరకే నిజం. కానీ తమ్ముడికి ఆ కాస్త చాలింది. ఆ ముసలాయన నోట ‘హెల్ప్‌డ్’కి బదులు ‘హోల్ప్’ అని వినపడితే వాట్సాప్‌లో నాకు పంపిస్తాడు, ఇది కూడా పాతదేనా అని. పాతదే అని చెబుతాను. ఈమధ్య వాడే ఆయన దగ్గరికి వెళ్లి కబుర్లు పెట్టుకుంటున్నాడట. మొన్న ఉరుములొస్తుంటే ఆయనకి అర్జునుడి పది పేర్లూ నేర్పించాడట, నాలుగో పేరు దాటట్లేదని చెప్పాడు.